చలి రాత్రుల్లో వ్యాన్‌లో ప్రొపేన్ హీటర్: పడుకునే ముందు ఆపేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో థాంక్స్‌గివింగ్ సెలవులు మొదలైనప్పటి నుంచి మార్చిలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్ వరకు మన తెలుగు విద్యార్థులు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు, చిన్న పిల్లలున్న కుటుంబాలు క్యాంపర్ వ్యాన్లు తీసుకుని జాతీయ ఉద్యానవనాలు చూడటానికి బయలుదేరడం బాగా పెరిగింది. కొందరు అద్దెకు తీసుకుంటారు, కొందరు పాత కార్గో వ్యాన్ కొని అందులో మంచం, చిన్న వంటగది అమర్చుకుంటారు. హోటల్ ఖర్చు తప్పుతుంది, తెల్లవారేసరికి కళ్లెదుట గ్రాండ్ కాన్యన్ ఉంటుంది కనుక ఆ ఉత్సాహాన్ని నేను కాదనను. నేనూ కుటుంబంతో అలాగే తిరుగుతుంటాను. అయితే ఆ వ్యాన్లలో చలికి తట్టుకోవడానికి చాలామంది కొంటున్న చిన్న ప్రొపేన్ హీటర్ల గురించి మనవాళ్లలో ఉన్న అవగాహన చూస్తే భయం వేస్తోంది. కొలరాడో రాష్ట్రంలోని అరోరాలో భవనాల హీటింగ్, వెంటిలేషన్ పనులు చూసే ఇంజినీరుగా ఈ విషయం నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇక్కడున్న పిల్లలకే కాదు, ప్రతి ఆదివారం వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడే తల్లిదండ్రులకూ ఇది చేరాలని తెలుగు పత్రికకు రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మెలకువగా ఉన్నంతసేపు, కిటికీ కొద్దిగా తెరిచి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును కనిపెట్టే అలారం పనిచేస్తుండగా ఆ హీటర్ వాడుకోవచ్చు; నిద్రపోయే ముందు మాత్రం దాన్ని ఆపి, సిలిండర్‌ను విప్పి తీసేయాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు. ఎంత ఖరీదైన హీటరైనా, పెట్టె మీద ఇంటి లోపల కూడా వాడుకోవచ్చని రాసి ఉన్నా, బయట ఎంత మంచు కురుస్తున్నా ఇది మారదు.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌కు విహారయాత్రకు వెళ్లిన కేరళ బృందంలో ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, ఒకే గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి ప్రాణాలు కోల్పోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గది తలుపులు, కిటికీలు లోపలి నుంచి మూసి ఉన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2024 డిసెంబరులో కేరళలోనే వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు మరణించారు. అక్కడ కారణం హీటర్ కాదు, జనరేటర్ నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్. ఇంధనాలు వేరు, పరికరాలు వేరు, కాని చంపిన తీరు ఒక్కటే. మన ఊళ్లలో బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టించుకుని, వెంటిలేటర్ మూసేసి స్నానానికి వెళ్లి తిరిగి రాని వారి కథలూ ఈ కోవలోవే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయి, జనం బొగ్గుల గ్రిల్లులు, జనరేటర్లు ఇళ్లలోకి తెచ్చుకున్నప్పుడు, గ్యారేజీలో కార్లు నడిపి వెచ్చబడాలని చూసినప్పుడు వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. డాలస్, హ్యూస్టన్‌లలో ఎంతమంది తెలుగువారున్నారో చెప్పనక్కర్లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ లెక్క ప్రకారం, అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, పొరపాటున ఈ విషవాయువు పీల్చి ఈ దేశంలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారు, లక్ష మందికి పైగా అత్యవసర వైద్యానికి పరుగెత్తుతున్నారు.

ఈ హీటర్‌లో జరిగేదేమిటో తెలిస్తే జాగ్రత్తలు ఎవరూ బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ప్రొపేన్ పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. గాలి చాలకపోయినా, బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు, దుప్పటి నూలు చేరినా ఆ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. సిలిండర్ లీకైతే తెలియడానికి కలిపే ఘాటు వాసన మండని గ్యాస్‌కే తప్ప మండి వచ్చిన విషవాయువుకు ఉండదు. అందువల్ల "వాసన వస్తే తెలుస్తుందిగా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో కొద్ది పాళ్లలో ఉన్నా గంటల తరబడి పీలిస్తే ఒంట్లో పేరుకుంటూ పోతుంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది.

వ్యాన్ ఎంత చిన్న చోటో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఎక్కువ మంది కొనే హీటర్ గంటకు 4,000 నుంచి 9,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఇస్తుంది. తక్కువ మంటలో పెట్టినా అది ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద చిన్న బర్నర్‌ను ఆపకుండా రాత్రంతా మండించడంతో సమానం, అదీ ఒక అలమర వెడల్పు గదిలో. నిలబడే ఎత్తున్న వ్యాన్‌లో సుమారు 12 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గాలి చొరబడకుండా దాన్ని బిగించేస్తే, తక్కువ మంట మీదనే, సుమారు గంటన్నరలో ప్రాణవాయువు 21 శాతం నుంచి 18 శాతానికి పడిపోతుంది. లోపల నలుగురు పడుకుని ఉంటే ఇంకా ముందే. నిజానికి ఏ వ్యానూ అంత బిగుతుగా ఉండదు, తలుపుల సందుల్లోంచి కొంత గాలి వస్తూనే ఉంటుంది. చలికి తట్టుకోలేక మనవాళ్లు మూసేది సరిగ్గా ఆ సందులనే.

ఆ మధ్య ఒక డిసెంబరులో గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ మీద, ఏడాది పొడవునా తెరిచి ఉండే మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మేము ఆగినప్పుడు పక్క స్థలంలో ఒక పాత కార్గో వ్యాన్ కనిపించింది. తెలుగు మాటలు వినిపించి పలకరిస్తే నలుగురు ఎమ్మెస్ విద్యార్థులు. "లోపలికి రండి అంకుల్, వెచ్చగా ఉంది, టీ తాగుదురు గాని" అని ఎంతో ఆప్యాయంగా పిలిచారు. తలుపు తీయగానే ముఖానికి వేడి ఉక్క కొట్టింది. హీటర్‌ను ముందు సీట్ల మధ్య నేల మీద పెట్టారు. పరుపు అంచు దాని జాలీకి జానెడు దూరంలో వేలాడుతోంది. కిటికీల సందుల్లో తువ్వాళ్లు కుక్కారు, పైకప్పు వెంట్‌కు బబుల్ ర్యాప్ అంటించారు. గోడల ఇనుప పట్టీల మీద నీళ్లు చెమటలా పట్టి, ధారలుగా దిగి పరుపు కింద చేరుతున్నాయి. తలుపు పక్కన గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది, కాని దాని వెనక మూత తెరిచి ఉంది. "అది ఊరికే కీచుమంటోంది అంకుల్, అందుకని బ్యాటరీ తీసేశాం" అన్నాడు ఒకబ్బాయి. ఇంకో అబ్బాయి నుదుటికి అమృతాంజనం రాసుకుని మూలన ముడుచుకుని ఉన్నాడు. సాయంత్రం నుంచి తలనొప్పి, కడుపులో తిప్పుతోంది, ఎత్తైన చోటు కదా అందువల్ల కాబోలు అన్నారు.

హీటర్ ఆపించి, తలుపులు బార్లా తెరిపించి, నలుగురినీ బయటికి రమ్మని, వాళ్లు వద్దంటున్నా రేంజర్లకు ఫోన్ చేశాము. చల్లగాలిలో కాసేపు నిలబడ్డాక ఆ అబ్బాయి తల తేలికపడిందన్నాడు. అతని బాధకు కారణం కార్బన్ మోనాక్సైడేనని నేను నిరూపించలేను. కాని నలుగురూ చదువుకున్నవారు, అందులో ఒకరు మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసినవారు. వారికి లేనిది తెలివి కాదు. ఈ ఒక్క విషయం ముందుగా చెప్పినవారు ఎవరూ లేరు, అంతే.

అలారం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు నిలిపే పరికరం అదే. అమెరికాలో అమ్మే అలారాలు విషవాయువు ఉంటే వరుసగా నాలుగు కూతలు కూసి, కాస్త ఆగి, మళ్లీ నాలుగు కూస్తాయి. నిమిషానికోసారి వచ్చే ఒంటి కీచు బ్యాటరీ అయిపోతోందనో, అలారం గడువు తీరిందనో చెబుతుంది. రెండింటిలో ఏది విన్నా బ్యాటరీ పీకేయడం పరిష్కారం కాదు. మొదటిదైతే క్షణం ఆలస్యం చేయకుండా అందరూ బయటికి రావాలి, రెండోదైతే కొత్త బ్యాటరీయో కొత్త అలారమో పెట్టాలి. ఈ అలారాల ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల వంతులకు 400 వంతుల విషవాయువు ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో కూయాలి. 70 వంతులే ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు కూస్తుంది. అంటే తక్కువ మోతాదులో అది చాలాసేపు మౌనంగా ఉండవచ్చు. అందుకని అంకెలు చూపే తెరున్న అలారం కొనడం మేలు. సున్నా కాకుండా ఏ అంకె కనిపించినా మంట ఆపేయవచ్చు. ఇంటికి వాడేవి కాకుండా, బండి కుదుపులనూ ఎండ, చలి తేడాలనూ తట్టుకునేలా ఆర్‌వీల (లోపల నివసించే వీలున్న బండ్ల) కోసం పరీక్షించినవి విడిగా దొరుకుతాయి. దాన్ని పడుకున్నవారి తల దగ్గర, హీటర్‌కు ఎదురుగా కాకుండా బిగించాలి. దీనితోపాటు ప్రొపేన్ లీకును కనిపెట్టే అలారం కూడా ఉంటే మంచిది, కాని దాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువైనది కనుక లీకైన గ్యాస్ నేల మీదే, పరుపు కింది అరల్లోనే పేరుకుంటుంది.

"మా హీటర్‌లో ఆటోమేటిక్ సేఫ్టీ ఉంది" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఉంది, నిజమే. లోపల వాడదగిన హీటర్లలో ప్రాణవాయువు సుమారు 18 శాతానికి తగ్గితే పైలట్ మంట, అంటే బర్నర్ పక్కన ఎప్పుడూ వెలిగే చిన్న మంట, పక్కకు తొలగి, గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. హీటర్ ఒరిగిపోతే ఆపే స్విచ్చి కూడా ఉంటుంది. ఈ ఏర్పాట్లు మంచివే. అయితే ఆ పైలట్ మంట కొలిచేది ప్రాణవాయువును మాత్రమే, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. బర్నర్‌లో దుమ్ము పట్టి మంట పసుపు, నారింజ రంగుల్లో కొట్టుకుంటుంటే, గదిలో ప్రాణవాయువు సరిపడా ఉన్నా విషవాయువు పుడుతూనే ఉంటుంది, ఆ ఏర్పాటుకు అది తెలియదు.

పైగా ఎత్తైన చోట్ల ఈ ఏర్పాటే ఇబ్బంది పెడుతుంది. సముద్ర మట్టానికి 7,000 అడుగుల పైన ఈ హీటర్లు మధ్యలో ఆగిపోవచ్చని తయారీదారులే హీటర్‌తో వచ్చే పుస్తకంలో రాస్తున్నారు, ఎందుకంటే అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులకు కాస్త అటూఇటూగా ఉంటుంది. మనవాళ్లు వెళ్లే చోట్లు చాలా వరకు ఆ ఎత్తులోనివే: సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగులు, యెల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 7,300 అడుగుల పైన, బ్రైస్ కాన్యన్ అంచు 8,000 నుంచి 9,000 అడుగులు, మా కొలరాడోలో లెడ్‌విల్ ఊరైతే 10,000 అడుగుల పైనే. నేపాల్‌లోని ఆ దామన్ కూడా 7,500 అడుగుల పైనున్న ఊరే. ఎత్తులో హీటర్ పదేపదే ఆగిపోతోందని ఆ పైలట్ ఏర్పాటును దాటవేసే చిట్కాలు ఎవరో చెబితే దయచేసి వినకండి. ఆగిపోవడమే అక్కడ అది చేయగల మేలు. ఎత్తువల్ల వచ్చే తలనొప్పి, వికారం, నీరసం, కార్బన్ మోనాక్సైడ్ తెచ్చే తలనొప్పి, వికారం, నీరసం ఒకలాగే ఉంటాయి కనుక ఈ ఊళ్లలో ఒంట్లో బాగాలేదని ఎవరన్నా ముందు హీటర్ ఆపి, బయటికి వచ్చి, ఆ తర్వాతే మాత్రల గురించి ఆలోచించాలి.

కొనేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. దుకాణంలో ఒకే అరలో, ఒకే రంగు పెట్టెల్లో, సిలిండర్ నెత్తి మీద నేరుగా బిగించే గుండ్రటి హీటర్లు కూడా ఉంటాయి, ధర తక్కువ. అవి ఆరుబయట వాడటానికి మాత్రమే చేసినవి. ప్రాణవాయువు తగ్గితే ఆపే ఏర్పాటు వాటిలో ఉండదు. వ్యాన్‌లోకి, టెంట్‌లోకి అవి ఏ పరిస్థితిలోనూ రాకూడదు. వంట చేసుకునే స్టవ్‌ను వెచ్చదనం కోసం వెలిగించి వదిలేయడమూ అంతే. మూసిన చోట వాడటానికి ప్రత్యేకంగా తయారై, ఎలా వాడాలో రాసి ఇచ్చినవి తప్ప ఇంధనంతో నడిచే క్యాంపింగ్ సామాను ఏదీ ఇంట్లో గాని, బండిలో గాని, టెంట్‌లో గాని వాడవద్దని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ స్పష్టంగా చెబుతోంది. మంట కనపడకుండా ఎర్రగా కాలే క్యాటలిటిక్ హీటర్లను కొందరు పూర్తిగా సురక్షితమనుకుంటారు. వాటిలో మంట లేదన్నది నిజమే కాని అవి కూడా గదిలోని ప్రాణవాయువునే తీసుకుని, పొగ గదిలోకే వదులుతాయి.

మెలకువగా ఉన్నప్పుడు వాడే పద్ధతి కూడా చెప్పాలి. గాలికి రెండు దారులు ఉండాలి, ఒకటి కింద, ఒకటి పైన. ఒక కిటికీని రెండు వేళ్లు పట్టేంత తెరిచి, పైకప్పు వెంట్‌ను కొద్దిగా ఎత్తి ఉంచితే బయటి గాలి వస్తూ వాడిన గాలి పైకి పోతుంది. ఎంత తెరవాలో హీటర్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది, అంతకు తగ్గకూడదు. కిటికీలు మూసి, పైకప్పు ఫ్యాను బయటికి లాగేలా పెడితే ఫలితం తారుమారై, నేలలోని రంధ్రాల గుండా పక్క బండి పొగ కూడా లోపలికి రావచ్చు. మంచు కురిసే రాత్రి ఆ వెంట్ పూడుకుపోకుండా మధ్యమధ్య చూసుకోవాలి. హీటర్‌ను గట్టి సమతల నేల మీద, ముందు వైపు, పై వైపు కనీసం రెండున్నర అడుగుల దూరంలో బట్ట గాని, పరుపు గాని లేకుండా ఉంచాలి. ఆరడుగుల వెడల్పు వ్యాన్‌లో పరుపు పరిచాక ఆ దూరం దొరకదు. రాత్రి ఆపేయమనడానికి ఇదొక్కటే కారణమైనా చాలు. నిద్రలో దుప్పటి ఎటు జారుతుందో, చంటిపిల్ల కాలు ఎటు చాస్తుందో ఎవరికి తెలుసు?

సిలిండర్ గురించి మన ఇళ్లలో వంటగ్యాస్‌తో ఉన్న అలవాట్లు ఇక్కడ కొంత పనికొస్తాయి, కొంత దారి తప్పిస్తాయి. మన సిలిండర్‌లో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే గ్యాస్‌గా మారడం మానేస్తుంది. అమెరికాలో దొరికేది దాదాపు అంతా ప్రొపేన్, అది మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతూనే ఉంటుంది. అయినా వేగంగా వాడుతుంటే సిలిండర్ చల్లబడి, బయట తెల్లటి మంచు పట్టి, మంట తగ్గిపోతుంది. అప్పుడు కొందరు సిలిండర్‌ను హీటర్ ముందుకు జరుపుతారు, వేడి నీళ్లు పోస్తారు. అలా చేయకూడదు, హీటర్ ఆపి, సిలిండర్‌ను మామూలు స్థితికి రానివ్వాలి. సిలిండర్‌ను వ్యాన్ బయట మార్చి, ప్రతి సారీ బిగించాక సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం మన ఊరి గ్యాస్ డెలివరీ కుర్రాడు మనకు నేర్పిన పాఠమే, దాన్ని ఇక్కడా పాటించాలి. ఒక పౌను చిన్న సిలిండర్లను పెద్ద సిలిండర్ నుంచి తిరిగి నింపుకుంటే డబ్బు మిగులుతుందని కొందరు చేస్తున్నారు. ఒకసారి వాడి పారేయడానికి చేసిన ఆ సిలిండర్లను నింపి బండిలో తీసుకెళ్లడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, 5,00,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ల వరకు జైలు అని సిలిండర్ మీదే అచ్చు వేసి ఉంటుంది. వీసాల మీద ఉన్న పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీలో ఉండేవారు న్యూయార్క్‌కు దారితీసే హాలండ్, లింకన్ సొరంగాల్లో ప్రొపేన్ మీద ఆంక్షలున్నాయని కూడా బయలుదేరే ముందే చూసుకోవాలి.

ఇక తేమ. ఒక పౌను ప్రొపేన్ మండితే సుమారు ముప్పావు లీటరు నీరు ఆవిరి రూపంలో వ్యాన్‌లోకి వస్తుంది. ఆ విద్యార్థుల వ్యాన్ గోడల మీద కారిన ధారలు అవే. తడిసిన పరుపు, తడిసిన స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనాన్ని నిలపలేవు. రాత్రంతా హీటర్ వెలిగించినవారు మర్నాటి రాత్రి మరింత చలికి వణకడానికి ఇదే కారణం.

మరి హీటర్ ఆపి మైనస్ పది డిగ్రీల్లో పిల్లలతో ఎలా పడుకోవాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వేడి చేయాల్సింది వ్యాన్‌ను కాదు, మనిషిని. అన్నిటికన్నా ముందు కిటికీలకు సరిగ్గా కొలత తీసి కత్తిరించిన, లోపల దూది పొర ఉన్న తెరలు పెట్టుకుంటే సగం చలి అక్కడే ఆగిపోతుంది. వెళ్లే చోటి ఉష్ణోగ్రత కన్నా పదేసి డిగ్రీలు తక్కువ ఉష్ణోగ్రతను తట్టుకునేదిగా రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్, అడుగున మందమైన మ్యాట్ తీసుకోవాలి. కింది నుంచి వచ్చే చలి గురించి మనవాళ్లు అసలు ఆలోచించరు, ఇంటి నుంచి రెండు రజాయిలు తెచ్చి పైన కప్పుకుంటారు. పొడి మేజోళ్లు, ఉన్ని టోపీ, పడుకునే ముందు వేడి అన్నం, నెయ్యి, పప్పు తిని, వేడినీళ్ల సంచిని గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే మా పిల్లలు తెల్లారేదాకా హాయిగా నిద్రపోతారు. పడుకునే ముందు అరగంట హీటర్ వెలిగించి వ్యాన్‌ను వెచ్చబరిచి ఆపేయవచ్చు, లేవగానే మళ్లీ వెలిగించవచ్చు. కరెంటు ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్ దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అక్కడ ఆగి విద్యుత్ దుప్పటి వాడుకోవచ్చు. వ్యాన్‌లోనే తరచుగా తిరిగేవారు, డబ్బు పెట్టగలిగినవారు, బయటి గాలి తీసుకుని పొగను గొట్టం ద్వారా బయటికే వదిలే హీటర్‌ను అనుభవమున్న మెకానిక్‌తో బిగించుకోవాలి. ప్రొపేన్‌తో నడిచేవీ డీజిల్‌తో నడిచేవీ రెండూ ఉన్నాయి. వాటికీ అలారం తప్పనిసరే. రాత్రంతా ఇంజిన్ నడిపి వెచ్చబడటం మాత్రం ఎవరూ చేయవద్దు, వెనక గొట్టం మంచులో కూరుకుపోతే పొగంతా లోపలికే వస్తుంది.

పిల్లల్ని ఇక్కడికి పంపిన తల్లిదండ్రులను నేను కోరేది చిన్న పని. డిసెంబరులో అబ్బాయి, అమ్మాయి వ్యాన్ ట్రిప్‌కు వెళ్తున్నామని చెబితే "జాగ్రత్త నాన్నా" అని ఊరుకోకుండా, "అలారం ఉందా, బ్యాటరీ ఉందా, రాత్రి హీటర్ ఆపుతావా" అని మూడు ప్రశ్నలు అడగండి. అమ్మ అడిగిందంటే పిల్లలు అంత సులువుగా తోసిపుచ్చరు. లంబసింగి, అరకు చలికి టెంట్లలో పడుకునేవారు, మనాలీ, లేహ్ వైపు సొంత బండ్లలో వెళ్లేవారు టెంట్‌లోకి బొగ్గుల కుంపటి అసలు తెచ్చుకోకూడదు, గ్యాస్ హీటర్ తెచ్చుకునే ముందు ఇవే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

సంపాదక మహాశయా, విదేశాల్లో మనవాళ్లు ఇలా ప్రాణాలు కోల్పోయినప్పుడు తెలుగు పత్రికలు మృతదేహాన్ని రప్పించే ప్రయత్నాల గురించి, కుటుంబం కన్నీళ్ల గురించి రాస్తాయి, అది అవసరమే. దానితోపాటు ఆ గదిలో, ఆ బండిలో ఏం మండింది, కిటికీ తెరిచి ఉందా, అలారం ఉందా అన్నది దర్యాప్తులో తేలిన తర్వాత రెండు వాక్యాలు అదే చోట ప్రచురించండి. ప్రవాసుల పేజీలో ఏటా నవంబరు మొదటి వారంలో ఈ జాగ్రత్తలను ఒక పెట్టెలో అచ్చు వేయగలిగితే ఇంకా మంచిది. అందులో తప్పక ఉండాల్సినవి ఇవి: తలనొప్పి, వికారం, తూలుడు ఏ ఒక్కరికి వచ్చినా వెంటనే అందరూ బయటికి రావాలి, అమెరికాలోనైతే 911కు ఫోన్ చేయాలి, ఆ స్థితిలో తామే బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లకూడదు. కోవిడ్ నాటి నుంచి ఇంట్లో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి తగిలించి 98 చూపిస్తోందని ధైర్యపడకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికీ ప్రాణవాయువు నిండిన రక్తానికీ ఆ పరికరం తేడా చెప్పలేదు. ఆసుపత్రిలో డాక్టర్‌కు "మూసిన వ్యాన్‌లో ప్రొపేన్ హీటర్ దగ్గర ఉన్నాం" అని ముందే చెబితే సరైన రక్తపరీక్ష చేసి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడతారు. దానితో నాలుగైదు గంటల్లో దిగాల్సిన విషం గంట, గంటన్నరలోనే సగానికి తగ్గుతుంది. విషప్రభావాలపై సలహా ఇచ్చే అమెరికా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, దాన్ని కూడా ఆ పెట్టెలో వేయండి.

భవదీయుడు,
మీ పాఠకుడు,
అరోరా, కొలరాడో